ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు తేమ: సంచి నింపడం నుంచి రెండో కోత దాకా

ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేసినవాళ్లు అందరికంటే ముందు అడిగేది "గదిలో తేమ ఎంత ఉండాలి" అనే. జవాబు ఎక్కడైనా దొరుకుతుంది, 85 నుంచి 95 శాతం. ఆ అంకెను పట్టుకుని రోజంతా స్ప్రేయర్‌తో తిరుగుతున్నా ఒకరి సంచుల మీద మొగ్గలు ఎండి రాలిపోతుంటాయి, ఇంకొకరి గొడుగులు పసుపెక్కి జిగటగా తయారవుతుంటాయి, మీటర్ మాత్రం ఇద్దరికీ 90 చూపిస్తూనే ఉంటుంది. అందుకే మీటర్‌ని ఓ సాక్షిగా పెట్టుకోండి, జడ్జిని చేయకండి. మనం అసలు చూసుకోవాల్సింది పుట్టగొడుగు మీది నుంచి నీళ్లు ఎంత వేగంగా ఆవిరవుతున్నాయన్న విషయం.

పుట్టగొడుగు బరువులో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు దానికి గాలిలోంచి రావు, మనం కొట్టే స్ప్రే నుంచి కూడా రావు, సంచిలోని గడ్డి నుంచో రంపపు పొట్టు నుంచో వస్తాయి. పైన కాస్త కాస్తగా ఆవిరవుతుంటే కింది నుంచి నీళ్లు, వాటితో పోషకాలు పైకి లాగబడతాయి. ఆవిరవడం పూర్తిగా ఆగిపోతే ఎదుగుదల మందగిస్తుంది, తడి ఆరని చోట బ్యాక్టీరియా చేరుతుంది. మరీ వేగంగా ఆవిరైతే అంచులు ఎండిపోతాయి. కాబట్టి మనకు కావాల్సింది చాలా నెమ్మదిగా ఆరే వాతావరణం.

ఇక్కడ కొంచెం లెక్క చూడండి, తర్వాతి పనులన్నీ దీని మీదే నడుస్తాయి. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 23 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. తేమ 95 శాతం ఉంటే ఆ గాలిలో ఇంకో గ్రాము పైచిలుకుకే చోటుంటుంది, 85 శాతమైతే మూడున్నర గ్రాములకు ఉంటుంది. మీటర్ మీద తేడా పదే, ఎండబెట్టే శక్తి మాత్రం మూడు రెట్లు. 70 శాతానికి పడిపోతే ఆరు రెట్లు. ఇంకో సంగతి, గాలి వేడెక్కితే దాని దాహం పెరుగుతుంది. పొద్దున 20 డిగ్రీల దగ్గర 90 శాతం తేమతో ఉన్న గదిని మూసేసి, చుక్క నీళ్లు చేర్చకుండా మధ్యాహ్నానికి 30 డిగ్రీలకు వేడెక్కనిస్తే, అదే గాలి 50 శాతం దగ్గరికి వచ్చేస్తుంది. ఎవరూ తలుపు తీయలేదు, నీళ్లు ఎక్కడికీ పోలేదు, అయినా తేమ సగానికి పడింది. గదికి నీడ, పైకప్పుకు వేడి దిగకుండా ఏదో ఒక అడ్డు, ఈ రెండూ లేనివాళ్లు ఎన్ని ఫాగర్లు (నీళ్లను సన్నటి మంచులా చిమ్మే యంత్రాలు) పెట్టినా సరిపోదు.

1. ముందు సంచిలోపలి తడి

గది సంగతి తర్వాత. గడ్డిలో తడి 60 నుంచి 65 శాతం మధ్య ఉండాలి, 70 దాకా కొన్ని రకాలు తట్టుకుంటాయి. నానబెట్టి, వేడి నీళ్లలో ఉంచి తీసిన గడ్డిని జాలీ మీదో వాలుగా ఉన్న శుభ్రమైన పట్టా మీదో పరిచి నీళ్లు ఓడనివ్వండి. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకా ఆరాలి. అరచేతికి తడి తగలడం తప్ప చుక్క రాకపోతే మరీ ఆరిపోయినట్టే.

చేతి మీద నమ్మకం కుదరనివాళ్లు తూకం వేసుకోవచ్చు. 100 గ్రాముల తడిగడ్డిని ఓవెన్‌లో తక్కువ వేడి మీద, బరువు ఇక తగ్గదు అనేదాకా ఎండబెట్టండి. 35 గ్రాములు మిగిలితే మీ తడి 65 శాతం. ఇలా కొన్నిసార్లు చేశాక చేతికే తెలిసిపోతుంది, ఓవెన్ అక్కర్లేదు.

ఈ ఒక్క పనిలో తొందరపడితే తర్వాత దిద్దుకోవడం కష్టం. నీళ్లు ఎక్కువైతే అవి సంచి అడుగున చేరి అక్కడ గాలి ఆడదు, గడ్డి నల్లబడి పులిసిన వాసన వస్తుంది, తెల్లటి బూజు (గడ్డిలోకి పాకే పుట్టగొడుగు దారాలు, మైసీలియం) ఆ నీళ్లు నిలిచిన మట్టం దగ్గరే ఆగిపోతుంది. అడుగున ఒకటి రెండు చిన్న రంధ్రాలు పెడితే కొంత నయం. తక్కువైతే బూజు పలచగా పాకుతుంది, మొదటి కోత ఎలాగో వస్తుంది, రెండోదానికి నీళ్లు ఉండవు.

2. మీటర్ నిజం చెబుతోందా?

చవక డిజిటల్ హైగ్రోమీటర్లలో ఐదు శాతం అటూ ఇటూ తేడా మామూలే, 90 దాటాక ఇంకా అధ్వాన్నం. సెన్సార్ మీద ఒకసారి తడి పట్టిందంటే గది ఆరిపోయినా 99 చూపిస్తూ కూర్చుంటుంది. అందుకే కొన్న రోజే పరీక్ష చేయండి. సీసా మూతలో సగానికి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు వేసి (ఉప్పు కరిగిపోకూడదు), మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసేయండి. ఎండ తగలని చోట, వేడి ఒకేలా ఉండే చోట రాత్రంతా వదిలేస్తే 75 చూపించాలి. 71 చూపిస్తే మీ మీటర్ 4 తక్కువ చెబుతోందన్నమాట, దాని మీదే రాసి అంటించేయండి.

75 దగ్గర సరిగ్గా ఉన్నది 95 దగ్గర కూడా సరిగ్గా ఉంటుందని భరోసా లేదు. పై అంకెలకు పాత పద్ధతే నయం. రెండు ఒకేరకం థర్మామీటర్లు తీసుకుని, ముందు రెండూ ఒకే డిగ్రీ చూపిస్తున్నాయా చూసుకుని, ఒకదాని కొనకు తడి నూలుగుడ్డ చుట్టి దాని మీదికి చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు రెండింటికీ తేడా ఒక డిగ్రీ అయితే తేమ 92 శాతం, రెండు డిగ్రీలైతే 84, మూడైతే 77. దీంట్లో పాడైపోయేది ఏమీ లేదు, గుడ్డ మాత్రం మార్చుకుంటూ ఉండాలి.

మీటర్‌ని సంచుల ఎత్తులోనే, ఫాగర్ పొగ నేరుగా తగలని చోట, తలుపుకు దూరంగా వేలాడదీయండి. గదిలో పైనా కిందా కూడా తేడా ఉంటుంది, కాబట్టి పెద్ద గదికి ఒక్క మీటర్ చాలదు.

3. బూజు పాకే రోజుల్లో

విత్తనం చల్లిన సంచులు 20 నుంచి 28 డిగ్రీల మధ్య, రెండు మూడు వారాల్లో తెల్లగా నిండుతాయి. ఈ దశలో గదిని తడిపి ముద్ద చేయాల్సిన పనే లేదు. సంచి లోపల దాని తేమ దానికి ఉంటుంది, బయట 60, 70 శాతం ఉన్నా చాలు. అనవసరంగా తడిపితే సంచి రంధ్రాల దగ్గర పచ్చ బూజుకు, చిన్న ఈగలకు మనమే ఆహ్వానం పంపినట్టు. సంచి లోపలి గోడకు సన్నటి ఆవిరి చుక్కలు పట్టడం మామూలే. అడుగున పసుపు నీళ్లు మడుగు కడుతుంటే మాత్రం ఆ సంచిని పక్కకు తీసి వాసన చూడండి.

4. మొగ్గ తొడిగేటప్పుడు

అసలు టెన్షన్ ఇక్కడే. సంచి నిండుగా తెల్లబడ్డాక కాస్త చల్లదనం, వెలుతురు, కొత్త గాలి, 90 నుంచి 95 శాతం తేమ, ఇవన్నీ ఒకేసారి ఇవ్వాలి. ప్లాస్టిక్‌ని పూర్తిగా చింపేసి తీయడమా, గాట్లు పెట్టడమా అన్నది మీ గది తేమ నిలుపుకునే శక్తిని బట్టి ఉంటుంది. తేమ నిలకడగా ఉండే గదిలో మొత్తం తీసేయొచ్చు. మిగతావాళ్లకు నా సలహా గాట్లే: రెండు మూడు అంగుళాల గాట్లు అడ్డంగానో ఇంటూ గుర్తులాగానో పెడితే మొగ్గలు అక్కడి నుంచే వస్తాయి, మిగతా గడ్డి తడి లోపలే భద్రంగా ఉంటుంది. కోతకు కూడా గుత్తులు చక్కగా ఒకచోట దొరుకుతాయి.

గాటు దగ్గర టార్చ్‌ని పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. ముందు తెల్లటి బూజు మీద చిన్న చిన్న బుడిపెలు కడతాయి, ఒకటి రెండు రోజుల్లో వాటి నెత్తిన బూడిదరంగో నీలిరంగో చుక్క కనిపిస్తుంది (రంగు రకాన్ని బట్టి మారుతుంది), గుండుసూది తలంత ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మొగ్గ నిగనిగలాడుతుంది కానీ నీళ్లు కారుతూ ఉండదు. దాని చుట్టూ ఉన్న బూజు మీద మంచు పట్టినట్టు సన్నటి తేమ ఉంటే పరిస్థితి బాగున్నట్టు. బూజు పొడిపొడిగా, తోలులా బిగిసి ఉంటే తేమ చాలదు. మొగ్గ మెరుపు పోయి, పసుపుపచ్చగా మారి, వేలితో తాకితే గట్టిగా తగిలితే అది ఇక పెరగదు, తీసేయండి.

ఈ మొగ్గల మీద నేరుగా స్ప్రే చేయొద్దు. వాటి మధ్యలో నిలిచిన నీటిబొట్టు ఎంతకీ ఆరదు, మొగ్గ ఊపిరాడక కుళ్లుతుంది. గోడలు, నేల, వేలాడదీసిన గోనె పట్టలు తడపండి. స్ప్రే చేయాల్సే వస్తే నాజిల్‌ని పైకి పట్టి గాల్లోకి కొట్టండి, మంచు తనంతట తనే కిందికి దిగుతుంది.

5. తేమకూ గాలికీ మధ్య పంచాయితీ

తేమ పెంచడం ఎవరికైనా వస్తుంది. గది మూసేసి నీళ్లు కొడితే గంటలో 95 చేరుతుంది. కానీ పుట్టగొడుగులు మనలాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, ముత్యపు చిప్ప రకాలైతే ఈ విషయంలో మరీ సున్నితం. గదిలో అది 1000 పీపీఎం లోపు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వెయ్యి పాళ్ల లోపు ఉండాలి. దాటితే కాడలు పొడుగ్గా సాగి గొడుగులు బొత్తాలంత మిగిలిపోతాయి, ఇంకా ఎక్కువైతే గొడుగే లేకుండా పగడపు కొమ్మల్లా వస్తాయి. కాడ మొదట్లో తెల్లటి నూగు మొలిచినా గాలి చాలట్లేదనే అర్థం. గాలి మార్చామా, బయటి పొడిగాలి లోపలికొచ్చి తేమ పడిపోతుంది. ఈ రెండింటినీ కలిపి నడపడమే ఈ పనిలో నేర్చుకోవాల్సినదంతా.

గంటకు ఐదారు సార్లు గదిలో గాలి మొత్తం మారేలా చూసుకోండి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న గది అంటే 22.5 ఘనపు మీటర్లు. ఆరుసార్లు మారితే గంటకు 135 ఘనపు మీటర్ల గాలి. బయట 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉందనుకుంటే, ప్రతి ఘనపు మీటరుకూ దాదాపు 9 గ్రాముల నీళ్లు చేరిస్తేగానీ 90 శాతం రాదు. అంటే గంటకు లీటరుంబావు. గోడలకు, నేలకు పట్టేది పోను, రెండు లీటర్లకు పైగా ఇవ్వగల ఫాగర్ ఉంటే నిశ్చింత. గంటకు 300 మిల్లీలీటర్లు ఇచ్చే చిన్న హ్యుమిడిఫైయర్ తెచ్చి పెట్టి, తేమ రావట్లేదని దాన్ని తిట్టుకునే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. నీళ్లు ఆవిరవుతూ గదిని కొంత చల్లబరుస్తాయి కూడా, అది మనకు అదనపు లాభం.

ఫ్యాన్‌ని గంటకోసారి చాలాసేపు తిప్పేకంటే, అరగంటకు ఐదు నిమిషాల చొప్పున టైమర్‌తో తిప్పితే తేమలో ఒడుదొడుకులు తక్కువ. లోపలికొచ్చే గాలి తడి ప్యాడ్ మీదుగానో తడి గోనె పట్ట మీదుగానో వచ్చేలా చేస్తే సగం సమస్య గుమ్మంలోనే తీరుతుంది. ఫ్యాన్ గాలి నేరుగా గుత్తుల మీద కొట్టకూడదు, ఎదురుగా ఉన్న గుత్తులు ఒకవైపే ఎండిపోతాయి. ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టినవాళ్లు 86 దగ్గర ఫాగర్ మొదలై 92 దగ్గర ఆగేలా పెట్టుకోండి. 90కి మొదలై 91కి ఆగేలా పెడితే అది నిమిషానికోసారి టక్కు టక్కుమని కొట్టుకుని త్వరగా పాడవుతుంది.

అల్ట్రాసోనిక్ ఫాగర్ నీళ్లతో పాటు అందులోని లవణాల్ని కూడా గాల్లోకి చిమ్ముతుంది. ఉప్పు నీళ్లు వాడితే గొడుగుల మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, కాబట్టి ఆర్వో నీళ్లో వర్షపు నీళ్లో వాడండి. ట్యాంకుని వారానికోసారి కడగకపోతే అందులో పట్టిన జిగట మొత్తం గదంతా పంచినట్టే. తడి గదిలో కరెంటు పని కాబట్టి ప్లగ్గులు, సాకెట్లు గది బయటే పెట్టించండి, లైన్‌కి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి.

ఒకటి రెండు సంచులే పెట్టుకున్నవాళ్లకు ఈ హంగామా అక్కర్లేదు. పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు అన్నివైపులా రెండంగుళాలకొకటి చొప్పున చిన్న రంధ్రాలు చేసి, అడుగున నాలుగంగుళాల మందం తడి పెర్లైట్ (నీళ్లు పట్టుకునే తేలికపాటి తెల్లటి గుళ్లు) పోసి, డబ్బాని నేలకు కాస్త ఎత్తులో పెడితే గాలి కింద నుంచి తేమ పట్టుకుంటూ పైకి వెళ్తుంది. రోజుకు నాలుగైదు సార్లు మూత తీసి విసిరి, డబ్బా గోడల మీద కొంచెం స్ప్రే చేస్తే సరి.

6. గొడుగులు విచ్చుకున్నాక

మొగ్గ బొటనవేలంత అయ్యాక తేమను 85, 90కి దించి గాలి పెంచండి. ఇక్కడి నుంచి ఒకటే కొలమానం: గొడుగు మీద పడిన తడి రెండు మూడు గంటల్లో ఆరిపోవాలి, ఉతికిన బట్ట నీడలో ఆరినట్టు నిదానంగా, కానీ ఆరితీరాలి. ఆరకముందే మళ్లీ స్ప్రే చేస్తే గొడుగు మీద పసుపు, గోధుమరంగు మచ్చలు లేస్తాయి. ఇది సూడోమోనాస్ టొలాసీ అనే బ్యాక్టీరియా పని. ఒకదాన్నొకటి ఆనుకున్న చోట, నీళ్లు నిలిచే గుంటలో ముందు కనిపిస్తుంది. మచ్చలొచ్చిన గుత్తి తీసేసి, ఓ రోజు స్ప్రే పూర్తిగా ఆపి గాలి ఆడిస్తే మిగతావి చాలావరకు దక్కుతాయి.

రాత్రి విషయం చాలామంది మర్చిపోతారు. వేడి తగ్గేసరికి గదిలో తేమ దానంతటదే 100కి చేరి, పైకప్పు ప్లాస్టిక్‌కి చెమట పట్టి బొట్లు బొట్లుగా గొడుగుల మీద రాలుతుంది. సాయంత్రం ఆఖరి స్ప్రే పొద్దు వాలకముందే ముగించి, గొడుగులు ఆరాకే రాత్రిలోకి వెళ్లనివ్వండి. పైన ప్లాస్టిక్‌ని కాస్త వాలుగా కడితే చెమట పక్కకు జారిపోతుంది.

అంచులు చిట్లి పైకి ముడుచుకుంటూ, గొడుగు తోలులా అవుతుంటే పొడి ఎక్కువైంది. ముట్టుకుంటే చల్లగా, బరువుగా, నీళ్లు పీల్చిన స్పాంజిలా ఉంటే తడి ఎక్కువైంది. కాడలు సాగితే తేమ జోలికి పోకండి, గాలి చూడండి. ఎక్కువమంది ఇక్కడే పొరబడి, కాడ సన్నగా ఉందని నీళ్లు పెంచుతారు, దాంతో గది ఇంకా ఉక్కపోతగా మారుతుంది.

7. కోత, ఆ తర్వాత

గొడుగు అంచు కిందికి వంగి ఉన్న స్థితి నుంచి సాపుగా మారుతున్నప్పుడే కోయాలి. పైకి తిరిగిందంటే బీజాలు రాలడం మొదలవుతుంది, గదంతా తెల్లటి ధూళి. అది ఊపిరితిత్తులకు పడదు, చాలామందికి అలర్జీ, దగ్గు తెస్తుంది, కాబట్టి కోసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. అదే ధూళి ఫ్యాన్ రెక్కలకు, సెన్సార్‌కు పట్టి మీటర్‌ని కూడా పాడుచేస్తుంది. కోతకు ఆరేడు గంటల ముందు నుంచి స్ప్రే ఆపేయండి. తడి గొడుగు బరువు తూగుతుందేమో గానీ ఫ్రిజ్‌లో రెండో రోజుకే జిగటవుతుంది, పొడిగా కోసింది 2 నుంచి 4 డిగ్రీల దగ్గర వారం దాకా ఆగుతుంది.

రెండో కోతకు ముందు సంచిని తూకం వేయండి, ఇది చాలామంది చేయరు. 3 కిలోల సంచి 600 గ్రాముల పుట్టగొడుగులు ఇచ్చిందంటే అందులో 540 గ్రాముల దాకా నీళ్లే, గాట్ల నుంచి ఆవిరైంది వేరే. సంచి తేలిగ్గా, లోపలి దిమ్మ ప్లాస్టిక్ నుంచి విడివడి ముడుచుకుని కనిపిస్తే పైపైన స్ప్రే చేసి లాభం లేదు. మిగిలిపోయిన కాడ మొదళ్లు గీకేసి, చల్లటి శుభ్రమైన నీళ్లలో బరువు పెట్టి 6 నుంచి 12 గంటలు ముంచి, చుక్కలు ఆగేదాకా ఓడ్చి, మళ్లీ మొగ్గ దశలో లాగే 90, 95 శాతంలో పెట్టండి. వారం పది రోజుల్లో కొత్త బుడిపెలు కనిపించాలి. పచ్చ బూజు పట్టిన సంచిని మాత్రం నీళ్లలో ముంచొద్దు, ఆ నీళ్లే మిగతా సంచులకు దాన్ని అంటిస్తాయి. అలాంటిదాన్ని ఫ్యాన్ ఆపి, కవర్‌లో కట్టేసి, తర్వాతే గదిలోంచి బయటికి తీసుకెళ్లండి.